నిజానికి కిరాయి ఇల్లు దొరకదు

అయ్యా, నిజమే పలకాలని నాకు నీతి చెప్పేవాళ్ళందరికీ ఒక్క మాట. పలకడానికి నేను తయారే. ముందు మీ మేడ మీద ఒక పోర్షన్ ఖాళీగా ఉంటే నాకు కిరాయికి ఇయ్యండి. నా కులం ఏందో విన్నంక కూడా తాళంచెవి నా చేతిల పెట్టండి. సత్యం గురించి, ఆత్మవికాసం గురించి, మనిషి ఎట్ల ఎదగాలె అన్న దాని గురించి ఆ తర్వాత తీరికగా మాట్లాడుకుందాం. చాయ్ కూడా మీ ఇంట్లోనే తాగుదాం, మీ గ్లాసులల్లనే.

నేను సర్కారు బడిలో సోషల్ చెప్పే సారును. వయసు ముప్పై ఆరు. మా ఇంట్ల డిగ్రీ పట్టా పట్టినోళ్ళల్ల నేనే మొదటోన్ని. మా తాత మోట తొండాలు కుట్టినోడు. మా నాయిన పటేలు ఇంట్ల జీతమున్నోడు. నేను సంక్షేమ హాస్టల్ల పెరిగినోన్ని. క్లాసులో పుస్తకం భాష మాట్లాడుతాను, ఇంట్ల ఇంటి భాష. ఈ కాగితం మీద రెండూ కలిసిపోతున్నయి. కలవనీ. వాటికి లేని పట్టింపు నాకెందుకు?

రెండేళ్ళ కింద మా టీచర్లకు శిక్షణ పెట్టారు. మూడో రోజు పగటీలి, అందరం అన్నం తిని తూగే యాళ్ళకు, వ్యక్తిత్వ వికాసం మీద చెప్పడానికి ఒకాయన వచ్చాడు. మంచి గొంతు. చేతిలో కాగితం లేకుండా గంటన్నర దంచాడు. పేదరికం జేబులో ఉండదట, ఆలోచనలో ఉంటదట. కులం సమాజంలో లేదట, మన మనసులోనే ఉందట, తీసేసుకుంటే పోతదట. పొద్దున లేవంగనే ముగ్గురికి మనసులో కృతజ్ఞత చెప్పుకోవాలట. అన్నిటికంటే పెద్ద మాట, సత్యం పలికేవాడికి భయం ఉండదట! చివరికి తలా ఒక చీటీ పంచి, ఈ సంవత్సరం మీరాడిన అతి పెద్ద అబద్ధం రాయండి, పేరు రాయొద్దు అన్నాడు. చీటీలు పోగుచేసి నాలుగైదు పైకి చదివాడు. ఒక మేడం అత్తగారికి తలనొప్పి అని చెప్పి సినిమాకు పోయిందట. ఒక సారు సీఎల్ కోసం బతికున్న పెదనాయినను చంపిండట. హాలంతా నవ్వులు. నేను ఖాళీ చీటీ ఇచ్చాను. అబద్ధం లేక కాదు. నా అబద్ధం చదివితే ఎవరూ నవ్వరు.

ఆయన రెండు కథలు చెప్పాడు. మొదటిది సత్యకామ జాబాలుడిది. ఛాందోగ్యోపనిషత్తులో ఉన్నది. తండ్రి ఎవరో తెలియని పిల్లవాడు చదువు కోసం గౌతముడి దగ్గరికి పోతాడు. నీ గోత్రం ఏంది అని గురువు అడుగుతాడు. (ఆనాడు కూడా అడ్మిషన్ ఫారంల మొదటి గడి అదే అన్నమాట.) తల్లి తనతో చెప్పిన మాటను పిల్లవాడు దాచకుండా చెప్తాడు. గురువు మెచ్చి చేర్చుకుంటాడు. సత్యానికి ఎంత బలముందో చూశారా అన్నాడు మా వక్త. చప్పట్లు. తర్వాత నేను లైబ్రరీ నుంచి ఆ పుస్తకం తెచ్చి చదివిన. వక్త నడుమ మింగేసిన ముక్క దొరికింది. గౌతముడు ఆ పిల్లవాన్ని ఎందుకు చేర్చుకున్నాడు? బ్రాహ్మణుడు కానివాడు ఇంత నిజం చెప్పలేడు, కాబట్టి నువ్వు బ్రాహ్మణుడివే అని తేల్చుకొని చేర్చుకున్నాడు. అంటే పిల్లవాడి నోట్ల ఉన్న నిజం కూడా పిల్లవాడిది కాదు, కులానిది! అసలు నిజం చెప్పింది ఆ తల్లి జబాల. ఇండ్లల్ల పని చేసుకుంట తిరిగిన కాలంల నువ్వు పుట్టినవు, నీ తండ్రి ఎవరో నాకు తెల్వదు అని కొడుకు మొఖం మీద చెప్పింది. ఆమెకు ఏ గురువూ ఏ గోత్రమూ ఇయ్యలేదు.

అవే పురాణాల మూటలోంచి ఇంకో ఇద్దరిని తీస్తాను, వక్తగారు తీయలేదు కాబట్టి. ఏకలవ్యుడు నిజం చెప్పాడు. ఈ విద్య ఎవరిది అంటే, మీదే, నేను మీ శిష్యుణ్ణి అన్నాడు. బొటనవేలు పోయింది. కర్ణుడు అబద్ధం చెప్పాడు. పరశురాముడి దగ్గర బ్రాహ్మణుణ్ణని చెప్పి విద్య నేర్చుకున్నాడు. బయటపడ్డంక శాపం తగిలింది, అక్కరకొచ్చిన నాడు నేర్చింది యాదికి రాదని. నిజం చెప్తే వేలు పోతది, అబద్ధం చెప్తే విద్య పోతది. మరి మేమేం చెప్పాలె?

రెండో కథ మీకు తెలిసిందే, హరిశ్చంద్రుడు. ఆ పేరు వినంగనే నాకు మా నాయిన యాదికొచ్చిండు. నేను ఆరో తరగతి చదువుతున్నప్పుడు శివరాత్రి జాగారానికి పక్క ఊర్ల ఆ నాటకం ఆడిండ్రు. మా వాడోళ్ళం అందరికంటే వెనక, పెంటకుప్ప పక్కన కూసున్నం. కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము అయింది. రాజు భుజాన కర్ర వేసుకొని శ్మశానంల నిలబడి పద్యాలు తీస్తుంటే జనం వన్స్‌మోర్ కొట్టిండ్రు. ఆ సీన్ల పాడే పద్యాల్లో గుర్రం జాషువావి ఉన్నాయని నాకు డిగ్రీలో తెలుగు సారు చెప్తేనే తెలిసింది. ఊరి బయట పుట్టినోడు రాసిన పద్యాలతోటి, ఊరి నడుమ కూసున్నోళ్ళు రాజు కోసం ఏడ్చిండ్రన్నమాట. సత్యం కోసం హరిశ్చంద్రుడు రాజ్యం పోగొట్టుకున్నాడు, పెళ్ళాంబిడ్డలను అమ్ముకున్నాడు. కానీ ఆ కథకుడి లెక్కల వీటన్నిటికంటే మించిన కష్టం, వీరబాహుడనే చండాలుడి కింద కాటికాపరిగా పనిచేయడం. ఇంటికి నడిచి వస్తుంటే మా నాయిన చుట్ట కాల్చుకుంట అన్నడు: "నాల్గు దినాలు కాటి పని చేసినందుకే రాజుకు ఇంత ఏడ్పాయె. వీరబాహుని కోసం ఒక్కడన్న ఏడ్వకపాయె."

మా నాయినకు సంతకం రాదు. ఊర్ల ఎవరు చచ్చినా డప్పు కొట్టింది, కట్టెలు మోసింది, బొందలు తవ్వింది ఆయనే. నేను చదివిన విమర్శ పుస్తకాలన్నిట్ల ఆ నాటకం మీద ఇంతకంటే పెద్ద మాట నాకు కనబడలేదు.

కృతజ్ఞత సంగతి ఎక్కువ చెప్పను. మా నాయిన పొద్దున లేవంగనే ముగ్గురికి కాదు, పటేలు ఇంట్ల పసిపిల్లతో సహా అందరికీ చెప్పేటోడు, మనసుల కాదు, నడుం వంచి, పైకే. నీ బాంచెన్ అనే మాటకు మీరు పెట్టుకున్న కొత్త పేరు కృతజ్ఞత అయితే, ఆ పాఠం మాకు వద్దు. మేం తరతరాలుగా పాసయిన పరీక్ష అది.

ఇక నా అబద్ధం. 2019ల నాకు ఈ ఉద్యోగం వచ్చింది. బడి ఉన్న ఊరికి దగ్గర్ల ఒక టౌన్ల ఇల్లు చూసుకోవడానికి బయలుదేరిన. మొదటి ఆదివారం తొమ్మిది ఇండ్లు తిరిగిన. గవర్నమెంటు టీచర్ని అనంగనే గేటు తెరిచేటోళ్ళు. కుర్చీ వేసేటోళ్ళు. కిరాయి, నీళ్ళు, కరెంటు మీటరు, అన్నీ మాట్లాడినంక, పోతుపోతు అడిగినట్టు ఒక మాట: "మీరేమోళ్ళు సారు?" నేను చెప్పేటోన్ని. మా ఆవిడను అడిగి చెప్తమనో, ఒకరు ఇదివరకే అడ్వాన్సు ఇచ్చిపోయిండ్రనో, సామాన్లు పెట్టుకున్నమనో అనేటోళ్ళు. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒకాయన అయితే మంచినీళ్ళు కూడా ఇచ్చాడు, ప్లాస్టిక్ గ్లాసుల. మూడో ఆదివారం పన్నెండో ఇంటి కాడ నా నోట్లోంచి, మున్నూరు కాపోళ్ళం అని వచ్చేసింది. నేను అనుకొని పోలేదు. నాలుక దానంతటదే తిరిగింది. అరగంటల తాళంచెవి చేతికొచ్చింది.

అబద్ధం ఒక్కమాట అనుకుంటారు ఆడనివాళ్ళు. కాదు, అదొక సంసారం. ఇంటిపేరు తోటి మొదలైతది. చుట్టాలు ఏ ఊర్లల్ల ఉన్నరు, బొడ్రాయి పండుగకు ఏం చేస్తరు, పెండ్లిళ్ళు ఎవరితోటి, అన్నీ కొత్తగ కట్టాలె. అంబేద్కర్ పటం హాల్లోంచి పడకటింటికి పోయింది. ఆదివారం కుక్కర్ కూతకు గుండె దడ. మా నాలుగేండ్ల బిడ్డకు పెద్ద కూర అనే మాట ఎవరి ముందూ అనొద్దని నేర్పినం. పలక మీద అ ఆ దిద్దించినట్టు దిద్దించినం. బిడ్డ మొదట మర్చిపోయేది. తర్వాత మర్చిపోలేదు. అంతకంటే తప్పు నేను జన్మల చేయలేదు అనుకున్న, అమ్మ వచ్చేదాక.

అమ్మ ఊరి నుంచి పొద్దుటి బస్సుకు వచ్చింది. మనుమరాలికి ఇష్టమని ఎండు తునకలు స్టీలు డబ్బల తెచ్చింది. ఎండబెట్టిన కూర వాసన మూత పెడితే ఆగదు. మెట్ల కాడ ఓనరు భార్య ఎదురొచ్చి, ఏం తెచ్చినవమ్మా అన్నది. నేను పైనుంచి ఉరికొచ్చి అమ్మ కంటె ముందే, ఎండు చేపలు అన్న. అమ్మ నా దిక్కు చూసింది. ఒక్క నిమిషం కూడా కాదు. మళ్ళ ఆమె దిక్కు తిరిగి, "ఔ నమ్మా, ఎండు చేపలే" అన్నది. ఆ రాత్రి అమ్మ పచ్చిపులుసు పోసుకొని తిన్నది. డబ్బా మూత తీయలేదు. తెల్లారి మొదటి బస్సుకే పోతనన్నది. బస్టాండుల నా చేతిల డబ్బా పెట్టి, "మీ నాయిన పటేలు ముంగట నిలబడి కూడ కూరను కూర అనే అన్నడు రా" అన్నది. తిట్టినట్టు అనలేదు. గుర్తు చేసినట్టు అన్నది. బస్సు కదిలినంక నేనేం చేసిన్నో కూడా చెప్పాలె కదా, నిజం చెప్తనని మొదలుపెట్టినోన్ని. ఆ డబ్బాను ఇంటికి తేలేదు. తునకలను నల్ల కవర్ల పోసి బస్టాండు వెనక చెత్తకుండీల వేసి, డబ్బా కడిగి తెచ్చిన.

నేను ఎదిగిన. జీతం ఎదిగింది. మాట ఎదిగింది. బూట్లు వేసుకున్న. కానీ నా ఎదుగుదలకు కిరాయి కట్టింది అమ్మ. వ్యక్తిత్వ వికాసం చెప్పేవాళ్ళు ఎదగండి ఎదగండి అంటరు గాని ఎవరి మీద కాలు పెట్టి అని ఎన్నడూ అడగరు. మా వాడల చదువుకున్నోళ్ళల్ల చానామందిమి అట్లనే ఎదిగినం, వాడను దాచిపెట్టి, తల్లి యాసను దాచిపెట్టి. బయటోళ్ళ మీదనే కోపం చూపిస్తే ఈ వ్యాసం సగం అబద్ధం అవుతది.

ఇంతా చేసి అబద్ధం నిలిచిందా అంటే, లేదు. ఏప్రిల్ 14 జయంతి చందా కోసం టౌన్ల సంఘం పిల్లలు జై భీమ్ అన్నా అనుకుంట మెట్లెక్కి వచ్చిండ్రు. కింద ఓనరు పేపర్ చదువుకుంటున్నడు. వారం తిరగకముందే ఆయన పైకొచ్చి, "సారు, మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చేస్తున్నడు, పోర్షన్ మాకే కావాలె, ఏమనుకోకుండ్రి" అన్నాడు. మేము ఖాళీ చేసినంక ఆ ఇంటికి నాలుగు నెలలు టులెట్ బోర్డు వేలాడింది. బస్సుల పోతు రోజూ చూసేటోన్ని. ఇప్పుడు చెప్పండి, ఆయన అబద్ధం ఏ చీటీ మీద రాయాలె? నాది మోసమట, ఆయనది మర్యాద. నా అబద్ధం తల దాచుకోవడానికి, ఆయన అబద్ధం తలుపు మూయడానికి. అంటరానితనం 17వ ఆర్టికల్‌తోటి రద్దయిందని నేనే పిల్లలకు చెప్తాను. మా అబ్బాయి వస్తున్నడు అంటే ఏ ఆర్టికల్ కింద అడగాలె?

అసలు మాకు మొదటి అబద్ధం నేర్పింది ఇంటి ఓనరు కూడా కాదు. సర్కారు. మా అవ్వ ఆదివారం ప్రార్థనకు పోయేది, బైబిలు చదవరాకున్నా చంకల పెట్టుకొని. ఆషాఢంల మైసమ్మకు బోనం కూడా ఎత్తేది. ఆమెకు దాంట్ల తకరారు కనబడలేదు. కష్టానికి ఎవరు పలికితే వాళ్ళే దేవుడు. కానీ నన్ను బడిల వేసే నాడు పెద్దసారు మతం అనే గడి కాడ ఆగి, హిందువు అని రాస్తున్న, చర్చి గిర్చి అనకు, స్కాలర్‌షిప్ పోతది అన్నాడట. ఆయన మా మేలు కోరే అన్నాడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడు. 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిండ్రు. యేసును నమ్మిన మాదిగ మాత్రం నమ్మిన రోజునుంచి కాగితం మీద మాదిగ కాదు. ఊర్ల మాత్రం మాదిగే! చర్చికి పోయినా హోటల్ల గ్లాసు మారలేదు. మనిషికీ దేవుడికీ నడుమ ఉండాల్సిన నిజానికి కూడ సర్కారు ఒక రేటు కట్టింది. ఆ రేటు కట్టలేని మా అవ్వ, సచ్చేదాక రిజిస్టర్ల ఒకటి, గుండెల ఒకటి పెట్టుకొని బతికింది. అటువంటి ఇంట్ల పుట్టినోనికి వచ్చి, అబద్ధమాడరాదు అని గోడ మీద రాసి చూపిస్తరు.

సత్యం పలికేవానికి భయముండదా? 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిది మంది దళితులను చంపిండ్రు. అక్కడి కూలినాలి జనం ఏండ్లకేండ్లు కోర్టుల నిలబడి, చూసింది చూసినట్టు చెప్పిండ్రు. ఊర్లనే ప్రత్యేక కోర్టు పెట్టిండ్రు. 2007 జులైల ఇరవై ఒక్కమందికి యావజ్జీవం పడ్డది. 2014 ఏప్రిల్ల హైకోర్టు అందరినీ విడుదల చేసింది. సాక్ష్యాలు నమ్మేటట్టు లేవన్నది. అయ్యా, మా నోట్లోంచి వచ్చినంక నిజం బరువు తగ్గుతదా? సత్యకాముని నోట్ల నుంచి వస్తే గోత్రం ఇచ్చింది, మా నోట్ల నుంచి వస్తే అనుమానం. రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీల ఉరి వేసుకున్నడు. సచ్చినంక కూడా అతని కులం మీద విచారణలు నడిచినయి. 2024 మేల పోలీసులు కేసు మూస్తూ అతను ఎస్సీ కాదని నివేదిక ఇచ్చిండ్రు, గొడవైనంక మళ్ళ దర్యాప్తు చేస్తమన్నరు. కులం దాస్తే తవ్వి తీస్తరు, చెప్తే రుజువు చూపమంటరు.

ఇదంతా విని, అయితే నీకు నీతే లేదా, అబద్ధమే మంచిదంటవా అని అడిగేవాళ్ళుంటరు. మా సంఘంలనే ఒక పెద్దాయన అడిగిండు. 1956 అక్టోబర్ 14న నాగపూర్ల బాబాసాహెబ్ లక్షల మందితో చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో అబద్ధమాడను అన్నది కూడా ఉంది కదా, దానికేమంటవ్ అన్నడు. నిజమే, ఉంది. దొంగతనం చేయను, అబద్ధమాడను, తాగను. నేను దాన్ని దాటేసి పోలేను. చాన దినాలు దాని మీదనే తండ్లాడిన. మళ్ళ మళ్ళ చదివితే నాకొకటి కనబడ్డది. ఆ ప్రతిజ్ఞ పదిహేనోది. అంతకంటే ముందు తొమ్మిదోది, మనుషులందరూ సమానమని నమ్ముతానని. పదోది, సమానత్వం నిలబెట్టడానికి పాటుపడతానని. బాబాసాహెబ్ ఆ వరుస కావాలని పెట్టిండో లేదో, నేనట్ల చదువుకున్న. ముందు సమానం కావాలె. సమానం కాని చోట నిజం ఒక పక్కనుంచే వసూలయ్యే పన్ను. కిరాయికి వచ్చినోడే చెప్పాలె, ఇచ్చేటోడు చెప్పనక్కరలేదు. దరఖాస్తు పెట్టినోడే రుజువు తేవాలె, సంతకం పెట్టేటోనిది ఎవరూ అడగరు.

నాకు నిజమంటే ఏందో తెల్వక కాదు. మా తాత చూపించిండు. నేను పుట్టేనాటికే కరెంటు మోటర్లొచ్చి మోటలు పోయినయి, ఒక్క తొండం మాత్రం మా గుడిసె దూలానికి వేలాడేది. తంగేడు చెక్క వేసి లందల నానబెట్టి, తోలు చేసి, అంగుళం అంగుళం కుట్టేటోడట. ఒక్క కుట్టు వదులైనా పైకొచ్చేసరికి సగం నీళ్ళు మళ్ళ బాయిలనే, ఎడ్లకు వట్టి చాకిరి. అందుకని కుట్టినంక నిండ నీళ్ళు పోసి, రైతు కండ్ల ముంగట ఎత్తి పట్టేటోడు. ఒక్క చుక్క కారినా విప్పి మళ్ళ కుట్టుడే. అడగకముందే విప్పేటోడు. తెల్వకుండ ఇయ్యొచ్చు కదా తాతా అంటే, ఎడ్లు ఏం పాపం చేసినయి బిడ్డా అన్నడు. ఆ తొండంతోని తోడిన నీళ్ళే మా తాతకు దోసిట్ల పైనుంచి పోసేటోళ్ళు. బాయిల దిగనిచ్చేటోళ్ళు కాదు. తోలు దిగొచ్చు, తోలు కుట్టినోడు దిగొద్దు. ఉపనిషత్తు చదవకముందే నాకు తెలిసిన సత్యం ఆ కుట్టు. దాన్ని ఏ గురువూ మా తాత పేరు మీద రాయలేదు.

ఇప్పుడు చెప్పేది రాయాల్నా వద్దా అని చాన ఆలోచించిన.

పోయిన సంవత్సరం తొమ్మిదో తరగతి స్కాలర్‌షిప్ ఫారాలు నింపుతున్నం. నేను చదువుకునే నాడు సార్లు ఎట్ల అడిగిండ్రో అట్లనే, ఎస్సీ పిల్లలు లేవండి అన్న. అలవాటు. పదిమంది లేచిండ్రు. రిజిస్టర్ల పదకొండు. ఒక అమ్మాయి లేవలేదు. పేరు పిలిచిన. లేచి, నేను కాదు సార్ అన్నది. రిజిస్టర్ల ఉంది కదమ్మా, అబద్ధమెందుకు చెప్తున్నవ్ అన్న. నా వెనక గోడ మీద సత్యమునే పలుకవలెను అని నీలిరంగు అక్షరాలు. ఆ అమ్మాయి తల వంచుకొని నిలబడ్డది. నాకు మా అమ్మ చూపు యాదికొచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి క్లాసుల నిలబడి, పిల్లలూ, నేను మాదిగను, హాస్టల్ల ఉండి, ఎస్సీ స్కాలర్‌షిప్ తోటి చదివి ఇక్కడికి వచ్చిన, దాంట్ల సిగ్గుపడేది ఏమీ లేదు అన్న. గొంతు వణికింది గాని అన్న. మీరు కూడ దాచొద్దు, ధైర్యంగ నిలబడాలె అని పది నిమిషాలు చెప్పిన. లేచిన పదిమందిల ఇద్దరు ముగ్గురు నవ్విండ్రు, వెనక బెంచీల పిలగాడైతే నిటారుగ కూసున్నడు. నాకు గెలిచినట్టు అనిపించింది. స్టాఫ్‌రూంల ఒకాయన, పిల్లల ముందు కులం మాట్లాడొచ్చా సార్ అని మెత్తగ అడిగిండు. నిన్న లేవండి అన్నప్పుడు మీకు కులం వినబడలేదా అన్న. అది ఆఫీసు పని కదా అన్నడు.

ఆ అమ్మాయి మాత్రం లేవలేదు. సాయంత్రం బెల్లు కొట్టినంక, అందరూ పోయినంక, ఫారం నాలుగు మడతలు పెట్టి తెచ్చింది. చాన మెల్లగ చెప్పింది: "మా ఇంటి ఓనరు బిడ్డ మొదటి బెంచీల కూసుంటది సార్. మా అమ్మ ఆల్లకు వేరే చెప్పింది."

నేను పొద్దున దంచిన పది నిమిషాల ఉపన్యాసం నా గొంతుల అడ్డం పడ్డది. శిక్షణల ఆ వక్తకూ నాకూ తేడా ఏందో ఆ క్షణం నాకు దొరకలేదు. నాకిప్పుడు సొంతిల్లు ఉంది, బ్యాంకు లోను తోటి, ఎస్సీ కాలనీ చివర. అందుకే ధైర్యం చెప్పగలిగిన. ఆ బిడ్డకు ఒక్క రూముంది, దానికి ఒక మాట అడ్వాన్సు కట్టింది వాళ్ళ అమ్మ. ఆ అమ్మను నిజం చెప్పమనే హక్కు నాకెవరిచ్చిండ్రు? అడిగితే ఓనరును అడగాలె. ఓనరు నా క్లాసుల కూసోడు. కూసునేది ఓనరు బిడ్డ. ఆ పిల్లకు పద్నాలుగేండ్లు. తన స్నేహితురాలి పక్కనే ముద్ద పంచుకొని తింటది. ఆ పిల్లతోటి నేనేం మాట్లాడాల్నో ఇంకా దొరకలేదు. వెతుకుతున్న.

ఫారాన్ని ఇంటికి తెచ్చి నా చేతితోనే నింపిన. కులం ధ్రువీకరణ పత్రం నెంబరు రిజిస్టర్లోంచి ఎత్తి రాసిన. తెల్లారి హెడ్మాస్టరు బీరువాల మిగతా ఫారాల నడుమ, మొఖం కింది దిక్కు చేసి పెట్టిన. అప్పటినుంచి ఏ ఫారమైనా పిల్లలను లేవమనను. ఒక్కొక్కరిని పిలిచి తీసుకుంట. అది దాచుడే కదా అని మా సంఘం పిల్లలు అంటరు. ఔను, దాచుడే.

వేసవి సెలవులకు ముందు గోడ రాతలకు మళ్ళ రంగు వేయించాలని హెడ్మాస్టరు అన్నడు. అక్షరాలు చక్కగ రాస్తనని ఆ పని నాకే పురమాయించిండు. నీలిరంగు డబ్బా, రెండు కుంచెలు తెచ్చి స్టాఫ్‌రూంల మూలకు పెట్టిన. మిగతా గోడలన్నీ అయినయి, నీరు పొదుపు, పరిసరాల శుభ్రత, చెట్లు నాటుడు. తొమ్మిదో తరగతి గోడ ఒక్కటే మిగిలింది.